తస్వీర్ కింద పేరు

ఫొటో అబద్ధం చెప్పదంటారు. పత్రికల్లో పనిచేసే మాలాంటి వాళ్ల చెవిన ఈ మాట రోజూ పడుతూనే ఉంటుంది. అక్షరాన్ని అనుమానించేవాడు కూడా బొమ్మను నమ్ముతాడు. కళ్లకు కనిపిస్తుంటే ఇంకా సాక్ష్యమెందుకంటాడు. సాక్ష్యాన్ని మేము ఇళ్లలో గవాహీ అంటాం. గవాహీ చెప్పడానికి వచ్చినవాణ్ణి ఏ అదాలత్‌లోనైనా ముందు మూడు ప్రశ్నలు అడుగుతారు. నువ్వెవరు? ఆ వేళకు అక్కడెందుకున్నావు? నీకెవరైనా ఏమైనా ఇచ్చారా? ఫొటోను మాత్రం మనం ఈ మూడూ అడగం. అది బోనెక్కిందో లేదో, దాని మాటే తీర్పుగా రాసేసుకుంటాం.

ఈ మూడు ప్రశ్నలనూ మేము నూటయాభై ఏళ్ల నాటి కొన్ని ఫొటోలను అడగదలిచాం. అంత పాతవాటి జోలికి ఎందుకంటారా? మనల్ని మనం ఎలా చూసుకోవాలో, ఇతరులు మనల్ని ఎలా చూడాలో నిర్ణయించిన బొమ్మలు చాలావరకు ఆ రోజుల్లో తయారయ్యాయి. మూస పాతదే. అందులో పోస్తున్న లోహం మాత్రమే మారుతోంది.

1875 నవంబరు 8న బొంబాయి రేవుకు సెరాపిస్ అనే ఓడ వచ్చింది. విక్టోరియా రాణి పెద్దకొడుకు, వేల్స్ యువరాజు ఆల్బర్ట్ ఎడ్వర్డ్ దిగాడు. మర్నాడు ఆయన 34వ పుట్టినరోజు. 1876 మార్చి 13న అదే బొంబాయిలో మళ్లీ ఓడెక్కేదాకా నాలుగు నెలలపాటు ఉపఖండమంతా ఊరేగాడు. మద్రాసు, కలకత్తా, కాశీ, లక్నో, ఢిల్లీ, లాహోర్, ఆగ్రా, గ్వాలియర్, జైపూర్, నేపాల్ సరిహద్దులో తెరాయి అడవులు. ఆయన సొంత ఖర్చులకని బ్రిటిష్ పార్లమెంటు 60 వేల పౌండ్లు మంజూరు చేసింది. ఇక్కడి స్వాగతాల ఖర్చు ఇక్కడి ఖజానాలదీ, సంస్థానాలదీ.

అప్పటికి 1857 జరిగి పద్దెనిమిదేళ్లే. ఢిల్లీ గోడల మీద ఫిరంగి గుళ్ల గుర్తులు పోలేదు. ఉరికొయ్యలెక్కిన వాళ్ల పిల్లలు ఇంకా పెద్దవాళ్లవుతున్నారు. అలాంటి నేల మీద రాజు కాబోయేవాడు చిరునవ్వుతో నడవాలి. నడిచినట్టు లోకానికి కనబడాలి. అందుకే పరివారంలో ఇద్దరు ముఖ్యులున్నారు. ఒకరు పత్రికా రచయిత విలియం హోవార్డ్ రసెల్. 1858లో లక్నో మీద దాడిని కళ్లారా చూసి రాసినవాడు. రెండోవాడు చిత్రకారుడు సిడ్నీ హాల్. ఇక మూడో కన్ను కెమెరాది. ఆ పనిని కలకత్తా, సిమ్లాల్లో పేరుపడ్డ బోర్న్ అండ్ షెపర్డ్ అనే వ్యాపార సంస్థ అందిపుచ్చుకుంది. బెంగాల్, వాయవ్య రాష్ట్రాలు, పంజాబ్, నేపాల్‌లలో యువరాజు ప్రయాణాన్ని ఆ సంస్థ 1876లో ఒక రాచ ఆల్బంగా తెచ్చింది.

ఆ ఫొటో ఇవాళ్టి ఫొటో లాంటిది కాదు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగట ద్రావణం పూయాలి. చీకట్లో వెండి నైట్రేట్ తొట్టిలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీయాలి. తీసిన వెంటనే మళ్లీ చీకట్లోకి పోయి కడగాలి. అంతా నిమిషాల మీద జరిగిపోవాలి. మన ఎండల్లో అయితే ఇంకా తొందరపడాలి. అంటే ఫొటోగ్రాఫరు పోయిన చోటికల్లా చీకటి గుడారం పోవాలి. గాజు పలకల పెట్టెలు, మందు సీసాలు, నీళ్లు, బరువైన కెమెరా పోవాలి. వీటన్నిటినీ ఎవరు మోస్తారు? కూలీలు మోస్తారు. ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకడైన శామ్యూల్ బోర్న్ ఇంగ్లండులో బ్యాంకు గుమస్తా. 1863లో ఇక్కడికొచ్చి హిమాలయాలను అద్భుతంగా ఫొటో తీశాడు. ఆ ప్రయాణాల్లో పదుల మంది కూలీలు ఆయన సామాను మోశారు. బరువు వదిలేసి పారిపోబోయిన వాళ్ల మీద కర్ర ఎత్తిన సంగతి ఆయనే తన దేశపు ఫొటోగ్రఫీ పత్రికలో రాసుకున్నాడు. దాచలేదు. దాచాల్సినంత విషయమని ఆయనకు తోచలేదు. మంచుకొండల ఆ ఫొటోలను చూసి మనం నేటికీ అబ్బురపడతాం. ఆ కొండ మీదికి ఆ గాజు ఎవరి వీపు మీద ఎక్కిందో ఫొటో చెప్పదు.

ఇంకో సంగతి. ఆ పద్ధతిలో కెమెరా కన్ను కొన్ని సెకన్లపాటు తెరిచే ఉండాలి. ఆ కాసేపూ కదలకుండా ఉన్నదే పలక మీద నిలుస్తుంది. కదిలింది మసకబారుతుంది, లేదా మాయమవుతుంది. సింహాసనం కదలదు. మీసం దువ్వి కూర్చున్న మహారాజు కదలడు. కోట కదలదు, చచ్చిన పులి కదలదు. కదిలేది ఎవరు? వింజామర విసిరేవాడు, నీళ్లు మోసేవాడు, ఏనుగు పక్కన పరుగెత్తేవాడు, తల్లి చంకలో బిడ్డ. పనిలో ఉన్నవాడు చెరిగిపోయాడు. పని లేనివాడు స్పష్టంగా నిలిచాడు. ఇది ఎవరి కుట్రా కాదు, రసాయనం చేసిన పని. అయినా ఆ రసాయనమూ ఆ దర్బారూ ఒకదానికొకటి ఎంత చక్కగా సరిపోయాయో చూడండి.

ఇక డబ్బు. ఆనాటి పత్రికలకు ఫొటోను నేరుగా అచ్చువేసే వీలు లేదు. బొమ్మను చెక్క దిమ్మ మీద చెక్కి వేసేవారు. కాబట్టి ఫొటోగ్రాఫరు బతుకు పత్రిక మీద ఆధారపడలేదు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ప్రింట్లు వేసి, అట్టలకు అంటించి, తోలు బైండింగు చేసి అమ్మాలి. కొనేదెవరు? ఊరికి పంపుకోవడానికి తెల్ల అధికారులు. దర్బారులో తమకెక్కడ కుర్చీ వేశారో రుజువు దాచుకోవడానికి స్వదేశీ రాజులు. కొనుగోలుదారుకు నచ్చేది తీయాలి. నచ్చనిది తీస్తే గాజూ దండగ, వెండీ దండగ. కనుక మా మూడో ప్రశ్నకు, నీకెవరు ఏమిచ్చారన్న దానికి, ఈ ఫొటోలు తడుముకోకుండా జవాబిస్తాయి.

అయితే డబ్బు తీసుకున్న ప్రతి సాక్షీ దొంగ సాక్షేనా? మేము అలా అనం. జీతం తీసుకుని రాసేవాళ్లం, అలా అనే హక్కు మాకు లేదు. వడ్రంగి కూలి తీసుకుంటే తలుపు అబద్ధమైపోదు. సమస్య కూలిలో లేదు. ఫొటోగ్రాఫరుకు మూడు అప్పులుంటాయి. సొమ్మిచ్చినవాడికి ఒకటి. రేపు ఆ ఫొటో చూడబోయేవాడికి ఒకటి. కెమెరా ముందు నిలబడ్డవాడికి ఒకటి. మొదటి అప్పు ఆ రోజుల్లో పైసలతో సహా తీరింది. రెండోది కొంత తీరింది. మూడోదాని సంగతేమిటన్నదే ఈ వ్యాసం ప్రశ్న.

రాచ యాత్రల ఫొటోల కింద రాసిన మాటలు చదివితే ఆ అప్పు ఎలా ఎగవేశారో తెలుస్తుంది. రాజుకు పేరుంటుంది, బిరుదుంటుంది, వరసలో ఎడమ నుంచి ఎన్నోవాడో అంకె ఉంటుంది. దొరవారి కుక్కకూ ఒక్కోసారి పేరుంటుంది. వెనక నిలబడ్డవాళ్లు మాత్రం పరిచారకులు, కూలీలు, స్థానికులు. మనిషికి కులం పేరో, మతం పేరో, పనిపేరో తగిలించి వదిలేశారు. తల్లి పెట్టిన పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది.

పేరు లేకపోతే ఏమవుతుంది? మనిషి నమూనా అవుతాడు. దీనికి పెద్ద ఉదాహరణ ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’. కానింగ్ దొర హయాంలో సరదా సేకరణగా మొదలై, 1857 తర్వాత సర్కారీ పనిగా మారింది. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. నాలుగు వందలకు పైగా ఫొటోలు. ఒక్కో ఫొటో కింద ఒక జాతి లేదా కులం పేరు. వాళ్ల బుద్ధులెలాంటివి, ఏలినవారికి వాళ్లు నమ్మదగ్గవాళ్లా కాదా అని పక్కన వ్యాఖ్యానం. దాని చివరి సంపుటం వచ్చిన ఏడే యువరాజు బొంబాయిలో దిగాడు. ఒక చేత్తో ప్రజల పట్టికా, ఇంకో చేత్తో రాజుల పట్టికా.

ఆ పుస్తకం మన మీద ఏం పని చేసిందో చెప్పే సంఘటన ఒకటుంది. 1869లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇద్దరు కొడుకులతో లండన్‌లో ఉన్నారు. ఇండియా ఆఫీసులో కొడుకు మహమూద్ ఆ సంపుటాలు తిరగేస్తున్నాడు. ఒక ఇంగ్లీషు యువకుడు వచ్చి, నువ్వు హిందూస్తానీవా అని అడిగాడు. అవునన్నాడు మహమూద్. కానీ ముఖం ఎర్రబడింది. తాను అక్కడి ఆదివాసిని కాననీ, తన పూర్వీకులు వేరే దేశం నుంచి వచ్చినవారనీ వెంటనే చెప్పుకున్నాడు. ఈ సంగతి సర్ సయ్యద్ స్వయంగా ఉత్తరంలో రాశారు. ఆ బొమ్మలు చూసి మన గురించి ఇంగ్లీషువాళ్లు ఏమనుకుంటారని బాధపడ్డారు.

ఈ సంఘటనను మేము తేలిగ్గా దాటిపోలేం. తర్వాత అలహాబాద్ హైకోర్టు జడ్జి అయిన చదువరి, ఫొటోల పుస్తకం చేతిలో ఉండగా, తన వాళ్లనుంచి తాను ఒక అడుగు వెనక్కి వేశాడు. వాళ్లు వేరు, మేం వేరు, మా తాతలు అరబ్బులనో ఇరానీలనో చెప్పుకోవడం ఆయనతో మొదలవలేదు, ఆయనతో ఆగిపోనూ లేదు. మా గల్లీల్లో ఈరోజుకీ అష్రాఫ్ ఇళ్లవాళ్లు దూదేకుల ఇంటివాణ్ణి చూసి చెప్పే మాట అదే. అవమానం పైనుంచి వచ్చినప్పుడు దాన్ని ఎదిరించడం కన్నా, మన కింద ఉన్నవాడి నెత్తికి దించడం సులువు. నమూనాల పుస్తకం చేసే అసలు హాని ఇది. మనల్ని ఇతరుల ముందు చిన్నబుచ్చడం ఒక హాని. మనలో మనకు ముఖాలు చెల్లకుండా చేయడం అంతకన్నా పెద్దది.

అయితే పేరు రాస్తే సరిపోతుందా? తొందరపడి అవుననకండి. పేరూ ఫొటో కలిపి అడిగేవాళ్లలో పోలీసు ఠాణా మొదటిది. నేరస్థుల ఆల్బంలో పేరు ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది, పుట్టుమచ్చ ఎక్కడుందో కూడా ఉంటుంది. ఆ పేరు మనిషికి ఇజ్జత్ ఇచ్చిందా? ఏదైనా పేలుడు జరిగిన మర్నాడు గడ్డం ఉన్న కుర్రాడి ఫొటో, కింద పూర్తి పేరు, ఇంకా తీర్పు రాకుండానే అచ్చయిపోవడం మన దేశంలో ఎన్నిసార్లు చూడలేదు! ఏళ్ల తర్వాత కోర్టు నిర్దోషి అంటే ఆ వార్తకు ఫొటో ఉండదు. కాబట్టి పేరు ఒక్కటే కొలత కాదు. ఆ పేరు ఎవరు చెప్పారు, ఎందుకు రాశారు, ఆ మనిషిని అడిగి రాశారా అన్నది కొలత.

అడగడం. ఈ చిన్న క్రియ దగ్గర మేము కాసేపు ఆగదలిచాం.

యువరాజు యాత్రలో అడగబడిన మనుషులు కొందరున్నారు. అందులో ఒకరు మన హైదరాబాద్‌కు చెందినవారు. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు తొమ్మిదేళ్లు. ఆ పిల్లవాణ్ణి బొంబాయికి తీసుకొచ్చి యువరాజు ముందు హాజరు పరచాలని బ్రిటిష్‌వాళ్లు కోరారు. దివాన్ సాలార్ జంగ్ ఒప్పుకోలేదు. పిల్లవాడి ఆరోగ్యం అంత దూరపు ప్రయాణానికి తట్టుకోదన్నారు. ఒత్తిళ్లు వచ్చాయి, ఇది అమర్యాద అవుతుందన్న సూచనలూ వచ్చాయి. చివరకు సాలార్ జంగే ఉమరావులతో బొంబాయి వెళ్లి మర్యాద దక్కించారు. పిల్ల నిజాం వెళ్లలేదు. హిందూస్తాన్‌లోకెల్లా పెద్ద సంస్థానం పాలకుడి కుర్చీ ఆ దర్బారు తస్వీర్లలో లేదు. ఆ లేకపోవడం కూడా ఒక ఫొటోయే. కాదనగల శక్తి ఉన్నవాడు మాత్రమే అలాంటి ఫొటో తీయించుకోగలడు.

సాలార్ జంగ్ అనగలిగిన ‘కాదు’ను ఆయన వెంట బొంబాయి వెళ్లిన మేనాబోయీ అనలేడు. నిలబడమంటే నిలబడాలి, కదలొద్దంటే ఊపిరి బిగబట్టాలి. ఇక్కడే మాకు మా ప్రశ్నకు సగం జవాబు దొరికింది. ఫొటోలో ఉన్నవాడు మనిషా, వస్తువా అని తేల్చేది వాడి బట్టలు కావు, కుర్చీ కాదు, కింద రాసిన పేరు కూడా కాదు. వద్దు అని వాడు అనగలిగేవాడా కాదా? అంటే ఫొటోగ్రాఫరు వినేవాడా కాదా? నైతికత అక్కడ మొదలవుతుంది.

పాలితులంతా కెమెరాకు అటువైపే ఉన్నారనుకుంటే అదీ నిజం కాదు. 1876 ఫిబ్రవరిలో యువరాజుకు ఆతిథ్యమిచ్చిన జైపూర్ మహారాజా సవాయి రామ్‌సింగ్ తానే స్వయంగా ఫొటోగ్రాఫరు. ఆ స్వాగతం కోసమే ఊరంతటికీ గులాబీ రంగు వేయించారని జనం చెప్పుకుంటారు. అంతకు చాలా ముందే ఆయన గాజు పలకలు చేతబట్టి తనను తాను రకరకాల వేషాల్లో తీసుకున్నాడు, తన జనానాలోని స్త్రీలను తీశాడు. ఆ స్త్రీలు నేరుగా కెమెరా కళ్లలోకి చూస్తారు. చూసేకొద్దీ ఆ ముఖాలు మరపుకు రావు. కానీ కెమెరా పట్టినవాడు మహారాజు. ఎదురుగా ఉన్నది ఆయన అంతఃపురం. వద్దు అనే వీలు వాళ్లకుందా? పట్టిన చెయ్యి మనదైనంత మాత్రాన చూపు న్యాయమైపోదు.

లక్నో కథ ఇంకా చిక్కుముడి. 1857కు ముందు అక్కడ అహ్మద్ అలీ ఖాన్ అనే ఫొటోగ్రాఫరు ఉండేవాడు. ఊళ్లోని ఇంగ్లీషు అధికార్లనూ వాళ్ల కుటుంబాలనూ ఫొటోలు తీశాడు. తిరుగుబాటు వచ్చాక తిరుగుబాటుదార్ల పక్షం చేరాడు. ఆయన తీసిన ముఖాల్లో కొన్ని రెసిడెన్సీ ముట్టడిలో రాలిపోయాయి. వాళ్లవాళ్లకు మిగిలిన జ్ఞాపకం శత్రువు చేతిమీదుగా అచ్చయిన ఆ బొమ్మే. 1858లో ఫెలీచె బియాటో అనే వ్యాపార ఫొటోగ్రాఫరు వచ్చాడు. సికందర్ బాగ్‌లో అంతకు కొన్ని నెలల ముందు దాదాపు రెండు వేల మంది తిరుగుబాటు సిపాయిలు చచ్చారు. బియాటో ఆ ప్రాంగణంలో ఎముకలను పరిపించి ఫొటో తీశాడు. చచ్చినవాడు కదలడు. తడి పలకకు ఇంతకన్నా విధేయుడైన మనిషి దొరకడు. ఆ ఫొటో బాగా అమ్ముడుపోయింది.

ఆ తర్వాత దరోగా అబ్బాస్ అలీ. మునిసిపల్ ఇంజినీరు కొలువు. 1874లో, యువరాజు రావడానికి ఏడాది ముందు, యాభై ఫొటోలతో ‘లక్నో ఆల్బం’ వేశాడు. ముట్టడి జరిగిన చోట్లను చూడవచ్చే ఇంగ్లీషు యాత్రికుడి చేయి పట్టుకుని తిప్పే పుస్తకమది. 1876 జనవరిలో యువరాజు లక్నో వచ్చి, రెసిడెన్సీని కాపాడుతూ చనిపోయిన విధేయ స్వదేశీ సిపాయిల స్మారకానికి పునాదిరాయి వేశాడు. స్మారకం విధేయులకు. సికందర్ బాగ్ ఎముకలకు ఫొటో మాత్రమే.

అబ్బాస్ అలీ ద్రోహా? మావాళ్లలో చాలామంది ఆ మాట చప్పున అనేస్తారు. మేము ఆగమంటాం. ఓడిపోయిన ఊళ్లో బతకాల్సినవాడు అతను. ఎవరి కథ చెబితే రొట్టె దొరుకుతుందో ఆ కథ చెప్పాడు. కానీ అతని ఫొటోల్లో ఇమాంబాడాలున్నాయి, దర్వాజాలున్నాయి, తర్వాత కూలిపోయిన కట్టడాలున్నాయి. తన ఊరి మీద ప్రేమ లేనివాడు అంత ఓపికగా తీయలేడు. విజేత కథకు బొమ్మలు గీస్తూనే తన ఊరి ఆనవాళ్లు దాచిపెట్టాడు. మనసులో ఏముందో ఖుదాకెరుక. మనముందున్నది పని. ఆ పనిని రెండు కళ్లతోనూ చూడాలి. ఒక కంటితో చూసి సలాం చేయకూడదు, ఇంకో కంటితో చూసి ఉమ్మేయకూడదు.

ఇక మన దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలో చదివి ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో కొలువు చేశాడు. 1875-76 యాత్రలో యువరాజును ఫొటో తీసినవాళ్లలో ఆయనొకడు. తర్వాత హైదరాబాద్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆ తొమ్మిదేళ్ల పిల్లవాడే పెరిగి మహబూబ్ అలీ పాషాగా దీన్‌దయాళ్‌కు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. ముసవ్విర్ అంటే రూపమిచ్చేవాడు. అది అల్లాకున్న పేర్లలో ఒకటి. బొమ్మ తీయడం తగునా తగదా అని ఉలేమాలు వాదించుకుంటున్న కాలంలో ఒక ముస్లిం పాలకుడు ఒక జైన ఫొటోగ్రాఫరుకు ఆ మాటతో బిరుదివ్వడం హైదరాబాద్‌కే చెల్లింది.

దీన్‌దయాళ్ చేసిన ఒక పని మా ప్రశ్నకు దగ్గరగా వస్తుంది. 1892లో హైదరాబాద్‌లో ఆయన స్త్రీల కోసమే జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, ఫొటో తీసేది ఒక ఆంగ్ల మహిళ, లోపలికి మగవాడు రాడు. వ్యాపారమే, కాదనం. కానీ వ్యాపారం కోసమైనా సరే, మీరు ఎలా అయితే ఫొటోకు ఒప్పుకుంటారని ఎవరో ఆ స్త్రీలను అడిగారు. వాళ్ల ‘వద్దు’ను గోడలుగా కట్టి చుట్టూ నిలబెట్టారు. అలా అడగడం అసాధ్యం కాదని దీనివల్ల తేలుతుంది. కాలం అలాంటిది, పరికరం అలాంటిది అని రాచ యాత్రల ఫొటోగ్రాఫర్లను వెనకేసుకొచ్చేవాళ్లకు మా జవాబు ఆ గోడలే. అయితే అడిగింది ఎవరిని? రుసుము ఇచ్చుకోగల ఇళ్ల స్త్రీలను. బావి దగ్గర బిందె పట్టుకున్న స్త్రీని ఎవరూ అడగలేదు. ఆమె మళ్లీ నమూనాయే.

రాజుల ఫొటోలు అబద్ధం, బీదల ఫొటోలు నిజం అని తేల్చేసే మిత్రులూ ఉన్నారు. వాళ్లకు ఒక సంగతి గుర్తుచేస్తాం. యువరాజు 1875 డిసెంబరులో మద్రాసులో విందులారగించాడు. ఏడాది తిరిగేసరికి ఆ రాష్ట్రాన్ని మహా కరువు పట్టింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండి పోయాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ దొర దర్బారు జరిపి రాణిని కైసర్-ఎ-హింద్‌గా ప్రకటించాడు. బోర్న్ అండ్ షెపర్డ్ కెమెరాలు అక్కడా ఉన్నాయి. దక్షిణాన ఇంకో కెమెరా ఉంది. మద్రాసు సైన్యంలో అధికారి విల్లోబీ హూపర్ ఎముకల గూళ్లయిన కుటుంబాలను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ కరువులో యాభై లక్షల మందికి పైగా పోయారని అంచనా. మనవాళ్ల ఆకలికి మిగిలిన గవాహీ ఆ ఫొటోలే. అవి లేకపోతే నష్టమే.

కానీ ఆ ఫొటోల ముందు నిలబడితే కాళ్లు వణుకుతాయి. ఆకలితో ఉన్నవాణ్ణి కూర్చోబెట్టారు, సర్దారు, కదలొద్దన్నారు. దర్బారులో మహారాజుకు చెప్పిన మాటే అక్కడా చెప్పారు. ఇదే హూపర్ 1886లో మాండలేలో బర్మా ఖైదీలను కాల్చిచంపే క్షణాన్ని కెమెరాలో పట్టాలని చూశాడు. గొడవై విచారణ జరిగింది. ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’కు ఫొటోలిచ్చిన వాళ్లలోనూ ఆయనున్నాడు. దీన్నిబట్టి ఏమర్థమవుతుంది? నిజాన్ని చూపినంత మాత్రాన అప్పు తీరదు. రాజు వైభవమైనా, రైతు ఆకలైనా, ఎదుటివాడి నోట మాట లేకుండా తీసుకుపోతే అది తీసుకుపోవడమే.

అంటే ఆ ఫొటోలన్నీ తగలబెట్టమంటారా అని అడగవచ్చు. కొన్ని వాటంతటవే తగలబడ్డాయి. 1991లో కలకత్తాలో బోర్న్ అండ్ షెపర్డ్ భవనంలో అగ్నిప్రమాదం జరిగి పాత నెగెటివ్‌లు పోయాయి. 2016లో ఆ సంస్థే మూతపడింది. అది మాకు సంతోషం కలిగించిన వార్త కాదు. ఆ గాజు పలకల అంచుల్లో మసకగా నిలిచిన మనవాళ్లు కూడా అందులో కాలిపోయారు. ఆల్బంలు మాత్రం రాచకుటుంబం భాండాగారాల్లో, లండన్ గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. మన ముఖాలు చూసుకోవడానికి మనం వాళ్ల అనుమతి అడగాలి. అడగడం అనే క్రియ ఇప్పుడు మన వంతుకు వచ్చింది!

ఉంచుకుందాం, కానీ చదవడం మార్చుకుందాం. ఇన్నాళ్లూ నడిమి కుర్చీ నుంచి అంచులకు చదివాం. ఇక అంచుల నుంచి లోపలికి చదవాలి. గొడుగు పట్టినవాడి దగ్గర మొదలుపెట్టి గొడుగు కింద ఉన్నవాడి దగ్గరకు రావాలి. మసకను లోపమనుకోకుండా, అక్కడ ఒక మనిషి పనిలో ఉన్నాడని చదువుకోవాలి. హైదరాబాద్‌లో పాత తస్వీర్లను హోటల్ గోడలకు వేలాడదీసి అసఫ్‌జాహీ వైభవమని నిట్టూర్చే అలవాటు మావాళ్లకుంది. ఆ తస్వీరులో నవాబు వెనక నిలబడ్డవాడు మన తాత అయి ఉండటానికే ఎక్కువ వీలుంది. మనం నిట్టూర్చాల్సింది ఎవరి కోసం?

ఇంకా ముఖ్యమైంది ఈరోజు సంగతి. ప్రతి రంజాన్‌కూ పత్రికల్లో ఒక ఫొటో వస్తుంది. టోపీ పెట్టుకుని దువా చేస్తున్న ముసలాయన. ప్రతి బక్రీద్‌కూ ఆలింగనం చేసుకుంటున్న ఇద్దరు పిల్లలు. చార్మినార్ ముందు బుర్ఖాలో గాజులు కొంటున్న అమ్మాయి. కింద ‘ముస్లిం సోదరులు’, ‘ముస్లిం మహిళ’. అందమైన ఫొటోలే. తీసినవాళ్లలో ద్వేషం లేదు, చాలాసార్లు ప్రేమే ఉంది. కానీ ఆ ముసలాయనకు పేరుంది, ఆయన ఏ మిల్లులోనో ముప్ఫయ్యేళ్లు పనిచేసి ఉంటాడు, పెన్షను రాక తిరుగుతుంటాడు. ఆ అమ్మాయి ఏ కాలేజీలోనో లెక్కలు చదువుతుంటుంది. వాళ్ల పేరేమిటని, ఈ ఫొటో వేసుకోవచ్చా అని అడగడానికి అర నిమిషం చాలు. ఆ కెమెరాకు తడి పలక లేదు, చీకటి గుడారం లేదు, పెట్టెలు మోసే కూలీలు లేరు. పరికరం మీద నెట్టేసే సాకు ఒక్కటీ మిగల్లేదు.

ఈ మాట పత్రికలకే కాదు, మాకు మేమూ చెప్పుకోవాలి. మా కథల్లో, కవితల్లో కూడా రిక్షా రహీమూ బీడీల ఫాతిమా నమూనాలుగా మారే ప్రమాదం ఎప్పుడూ ఉంది. మనవాడే రాశాడు కదా అన్న సంబరంలో ఆ ప్రమాదం కనబడదు. రామ్‌సింగ్ జనానాను గుర్తుపెట్టుకోవాలి. మన చేతిలో కెమెరా ఉంటే మనమూ కాసేపు మహారాజులమే.

నూటయాభై ఏళ్ల కిందట వింజామర విసురుతూ కదిలిపోయినవాడి పేరు ఇక మనకు దొరకదు. ఆ అప్పు ఎవరూ తీర్చలేరు. రేపు పొద్దున మన ముందు నిలబడబోయేవాడి పేరు మాత్రం వాడి నోట్లోనే ఉంది. అడగాలి. వాడు వద్దంటే కెమెరా దించాలి. చెబితే వాడు చెప్పినట్టే, వాడు పలికినట్టే, తస్వీర్ కింద రాయాలి.